గల్లాపెట్టె పక్క జాగా

1916 దాకా అమెరికాలోనూ కొట్టంటే మన కిరాణాకొట్టు లాంటిదే. కొనేవాళ్లు చీటీ ఇచ్చి నిలబడితే గుమాస్తా సరుకు తూచి, కట్టి ఇచ్చేవాడు. ఆ ఏడాది మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ ‘పిగ్లీ విగ్లీ’ తెరిచి ఆ పద్ధతిని తిరగేశాడు. బుట్ట పట్టుకుని ఒకే దారిలో అరలన్నీ దాటుకుంటూ వెళ్లాలి, ఆఖర్న డబ్బు కట్టి బయటపడాలి. 1917లో ఆ ఏర్పాటుకు పేటెంటు కూడా తెచ్చుకున్నాడు. గుమాస్తాల జీతాలు మిగిలాయి సరే, దాంతోపాటు డబ్బు కట్టడానికి వరసలో నిలబడే ఆ కాసేపు కూడా పుట్టుకొచ్చింది. చేతిలో పర్సు, పక్కన పిల్లాడు, వాడి కంటి ఎత్తులో చాక్లెట్టు. కొట్టు మొత్తంలో అంతకన్నా ఖరీదైన జాగా లేదు.

మా నాన్న కొట్లో ఆ జాగాలో పుట్నాల డబ్బా ఉండేది. ఉప్పుకో చింతపండుకో వచ్చిన పిల్లలకు పొట్లం కట్టి, పురికొస తెంపాక, గుప్పెడు పుట్నాలూ, దిమ్మె కొట్టేటప్పుడు రాలిన బెల్లం ముక్కా చేతిలో పోసేవాడు. కొసరు. పద్దులోకి రాదు. అదంతా ఉదారగుణం అనుకునేరు! కొసరు పెట్టని కొట్టుకి పిల్లలు రెండోసారి రారు, పిల్లలెటు పోతే ఆ ఇంటి ఖాతా అటే. నాన్న వేసిందీ ఎరే, కాకపోతే అది శనగలతో వేసిన ఎర.

తర్వాత డబ్బా పక్కకి గాజుసీసాలొచ్చాయి: పిప్పరమెంట్లు, నిమ్మతొనలు. కొన్నాళ్లకి ఒక కంపెనీ మనిషి, మూత మీద తమ పేరున్న సీసాని ఊరికే ఇచ్చి పోయాడు. ఊరికే అంటే, అందులో వాళ్ల బిళ్లలే పోయాలి. ఆపైన త్రాసు కనపడకుండా చిప్సు ప్యాకెట్ల దండలు వేలాడాయి, పుట్నాల డబ్బా వెనక అరలోకి పోయింది. చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెట్టడం కూడా అప్పుడే మొదలైంది. కొసరు పోయింది, దాని వెనకే చిల్లరా పోయింది.

బ్రిటన్‌లో టెస్కో 1994లో పెద్ద కొట్లలో గల్లాల దగ్గర మిఠాయిలు తీసేసింది. చిన్న కొట్లలో తీయడానికి మాత్రం ఇరవయ్యేళ్లు ఆగింది. అక్కడ ఇలాంటి నియమాలు పెట్టుకున్న సూపర్‌మార్కెట్లలో, పెట్టగానే మిఠాయిలు, చాక్లెట్లు, చిప్సుల కొనుగోళ్లు 17 శాతం పడిపోయాయని 2018లో అచ్చయిన ఒక పరిశోధన లెక్క తేల్చింది. ఆకలితో కొన్నవైతే అలా పడిపోతాయా? కాలిఫోర్నియాలోని బర్కిలీ 2020లో ఏకంగా చట్టం చేసింది. 2,500 చదరపు అడుగులు దాటిన కొట్లలో గల్లా దగ్గర పెట్టే తిండిలో, ఒకసారి తినేపాటికి, కలిపిన చక్కెర 5 గ్రాములు, సోడియం 200 మిల్లీగ్రాములు మించకూడదు. 2022 అక్టోబరు నుంచి ఇంగ్లండులోనూ పెద్ద కొట్లకు ఇలాంటి చట్టమే వచ్చింది.

మన ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన నియమం బడి గురించి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడి చుట్టూ 50 మీటర్లలోపు అమ్మరాదు. మంచిదే, కానీ గల్లాపెట్టె జోలికి అది రాదు.

ఇప్పుడు కొట్టు నడుపుతున్న తమ్ముణ్ణి అడిగాను, ముందు వరసలో పల్లీపట్టీలు పెట్టొచ్చు కదరా అని. ఆ రాక్ కంపెనీది. అక్కడ ఉంచినందుకు నెలనెలా ఇంతని ఇస్తారు. పల్లీపట్టీలు చేసి తెచ్చే వెనకవీధి ఆవిడ ఎక్కణ్ణుంచి ఇస్తుంది?