పంచబాణాలు

పంచబాణాలు అనగా మన్మథుని ఐదు పుష్పబాణాలు. అవి అరవిందము (తామర), అశోకము, చూతము (మామిడి పూత), నవమల్లిక, నీలోత్పలము (నల్లకలువ). ఈ బాణాల వలననే మన్మథునికి పంచబాణుడు, పంచశరుడు అనే పేర్లు వచ్చినవి. ఆయన విల్లు చెరకుగడ, అల్లెత్రాడు తుమ్మెదల బారు, వాహనము చిలుక, సహచరుడు వసంతుడు. భారతీయ సాహిత్యములో పువ్వులకు గల సంకేతార్థాలు తెలుసుకొనడానికి ఈ ఐదు బాణాలు మంచి ఉదాహరణ. ఈ అర్థాలు చాలావరకు ఆయా మొక్కల స్వభావాన్ని దగ్గరగా గమనించినందు వలన ఏర్పడినవే.

బాణాల ప్రభావాలు

పువ్వుల పేర్లతో పాటు బాణాల ప్రభావాలను తెలిపే మరొక పట్టిక కూడా సంప్రదాయములో ఉన్నది. రెండు పట్టికలను వరుసగా పక్కపక్కన ఉంచితే ఈ విధంగా వస్తుంది.

* అరవిందము – ఉన్మాదనము (పిచ్చి ఎక్కించుట)
* అశోకము – తాపనము (తపింపజేయుట)
* చూతము – శోషణము (శుష్కింపజేయుట)
* నవమల్లిక – స్తంభనము (కదలకుండా చేయుట)
* నీలోత్పలము – సమ్మోహనము (మైమరపించుట)

పువ్వులు సుకుమారమైనవి, ప్రభావాలు మాత్రము తీవ్రమైనవి. మెత్తని పువ్వు కఠినమైన ఆయుధము కావడమే ఈ కల్పనలోని ముఖ్యాంశము.

పువ్వులు, సంకేతార్థాలు

అశోకము: శోకము లేనిది అని ఈ పేరుకు అర్థము. దీని శాస్త్రీయ నామము సరాకా అశోకా. ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు ఎక్కువగా పూస్తుంది. పూలు నారింజ రంగులో విచ్చుకొని క్రమంగా ఎరుపెక్కుతాయి. రేకులుగా కనిపించేవి నిజానికి రక్షక పత్రాలు. రామాయణము కిష్కింధాకాండలో పంపాతీరాన సీతా వియోగముతో ఉన్న రామునికి అశోక పూగుత్తులు నిప్పుకణికల వలె తోస్తాయి. సీత శోకించిన చోటు కూడా అశోకవనమే. శోకము లేనిదని పేరు గల చెట్టు విరహములో శోకాన్ని పెంచుతుంది. స్త్రీ పాదతాడనముతో అశోకము పూస్తుందనేది ఒక కవిసమయము. కాళిదాసు మాళవికాగ్నిమిత్రము మూడవ అంకము దీని ఆధారముగానే నడుస్తుంది. కుమారసంభవము మూడవ సర్గలో అకాల వసంతము రాగానే అశోకము ఆ పాదస్పర్శకై వేచి ఉండక మొదలు నుండే పూస్తుంది. అశోకము మానుపైన, ముదురు కొమ్మలపైన కూడా పూసే చెట్టు గనుక ఈ వర్ణనలో ప్రకృతి పరిశీలన కూడా కలదు.

చూతము: మామిడి పూగుత్తిలో వందల నుండి వేల వరకు పువ్వులు ఉంటాయి. వాటిలో కాయగా నిలిచేవి అతి కొద్ది. అందువలన మామిడి పూత ఆశకు, ఎదురుచూపుకు సంకేతమైనది. కుమారసంభవములో వసంతుడు లేత చిగుళ్ళను ఈకలుగా అమర్చి మామిడి పూతతో బాణము తయారుచేస్తాడు. దానిపై వాలిన తుమ్మెదలు మన్మథుని నామాక్షరాలవుతాయి. అభిజ్ఞాన శాకుంతలము ఆరవ అంకములో ఉద్యానపాలికలు మామిడి మొగ్గను మన్మథునికి అర్పిస్తారు. కాని శకుంతలను నిరాకరించి పశ్చాత్తాపముతో ఉన్న దుష్యంతుడు ఆ ఏడు వసంతోత్సవాన్నే నిషేధించి ఉంటాడు.

నవమల్లిక: ఇది మల్లెజాతి తీగ. తెల్లని రంగు, సాయంకాలము తరువాత హెచ్చే పరిమళము మల్లెజాతి లక్షణాలు. తీగ మరొక చెట్టును అల్లుకొని పెరుగుతుంది కాబట్టి దాంపత్యానికి సంకేతమైనది. శాకుంతలము మొదటి అంకములో వనజ్యోత్స్న అనే నవమల్లిక తీగ మామిడిని స్వయంవరములో వరించిన వధువుగా వర్ణింపబడినది. అక్కడ మన్మథుని రెండు బాణాలు దంపతులైనవి.

అరవిందము, నీలోత్పలము: ఈ రెండూ నీటిలో పెరిగే పువ్వులు. వసంతానికే పరిమితమైనవి కావు, వేసవిలోను, వర్షాకాలములోను కూడా పూస్తాయి. కావ్యాలలో తామర సూర్యునితో విచ్చుకొని ముఖానికి ఉపమానమవుతుంది. నల్లకలువ కన్నులకు ఉపమానము. కలువలు చంద్రునితో వికసిస్తాయని కవులు చెప్పినా, నీలి కలువ పగటిపూట విచ్చుకొనే జాతి. రాత్రి విచ్చుకొనేవి కొన్ని తెల్ల, ఎర్ర కలువ జాతులు. కవిసమయము, వృక్షశాస్త్రము ఇక్కడ వేరుపడతాయి.

ఆధ్యాత్మికార్థము

లలితా సహస్రనామము అమ్మవారి చెరకువిల్లును మనస్సుగాను, ఐదు బాణాలను శబ్ద, స్పర్శ, రూప, రస, గంధములనే పంచతన్మాత్రలుగాను చెబుతుంది. మనస్సు విల్లు అయితే దాని నుండి వెలువడేవి ఇంద్రియ విషయాలు. మన్మథుని చేతిలో మోహము కలిగించే ఆయుధాలు అమ్మవారి చేతిలో ఆమె అధీనములో ఉంటాయి. కంచి కామాక్షి చేతిలో కూడా చెరకువిల్లు, పుష్పబాణాలు కనిపిస్తాయి.

అశ్వఘోషుని బుద్ధచరితము పదమూడవ సర్గలో మారుని లోకము కామదేవుడని పిలుస్తుందని చెప్పబడినది. అతడు ఐదు బాణాలతో వచ్చి గౌతముని కదలించలేకపోతాడు. శివుని కథలో బాణము వేసినవాడు దగ్ధమై అనంగుడవుతాడు. ఇక్కడ బాణము వ్యర్థమవుతుంది.

తెలుగునాట

ఫాల్గుణ పౌర్ణమినాడు కామదహనము జరుపుతారు. తెలంగాణలో దీనిని కాముని పున్నమి అంటారు. ఆ మరునాటి హోలీకి మోదుగ పూల నుండి రంగు తీయడము పాత అలవాటు. మోదుగ పంచబాణాలలో లేదు. అలాగే ఉగాది పచ్చడిలో వేసే వేపపువ్వు కూడా లేదు. అయినా తెలుగువారికి వసంతము అనగానే గుర్తుకు వచ్చే సంకేతము వేపపువ్వే. అది జీవితములోని చేదును సూచిస్తుంది. మన్మథుని బాణాలు వసంతములోని ఆకర్షణను చెబితే, ఉగాది పచ్చడి సుఖదుఃఖాలను కలిపి స్వీకరించమంటుంది.

అశోకము – నరమామిడి

నేడు వీధుల వెంట, ప్రహరీల పక్కన సన్నగా, నిటారుగా పెరిగే చెట్టును చాలామంది అశోకము అంటారు. అది నరమామిడి. దాని పువ్వులు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఆకుల మధ్య కనిపించీ కనిపించకుండా ఉంటాయి. దానిని చూసి రామాయణములోని నిప్పుకణికల ఉపమానాన్ని అర్థము చేసుకొనడము సాధ్యము కాదు.

అసలు అశోకము బెరడును ఆయుర్వేద మందులలో, ముఖ్యముగా అశోకారిష్టములో వాడతారు. బెరడు కోసం విచక్షణ లేకుండా సేకరించడము వలన అడవులలో ఈ చెట్లు తగ్గినవి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము 1998లో దీనిని ప్రమాదానికి లోనుకాగల జాతిగా గుర్తించినది. బజారులో అశోక బెరడులో నరమామిడి బెరడు కల్తీ కావడము కూడా తెలిసినదే. ఈ విధంగా పేరులోని పొరపాటు కావ్యపఠనానికే కాక వైద్యానికి కూడా నష్టము కలిగిస్తున్నది. విద్యార్థులు పాఠములో అశోకము అన్న మాట చదివినపుడు గుత్తులుగా ఎర్రని పూలు పూసే చెట్టును ఒకసారి చూడగలిగితే ఆ వర్ణనల అర్థము తేటపడుతుంది.