ధ్వనిని దాటిన రోజులు, మిగిలిన కాగితాలు

దేవరకొండ కోట ఎక్కినప్పుడల్లా నా చూపు రాతి మీది అక్షరాల కోసం వెతుకుతుంది. ఏలినవాళ్లు పోయినా శాసనం ఉంటుంది. ధ్వనివేగాన్ని దాటిన తొలి విమానాలకూ అలాంటి శాసనాలున్నాయి. అవి కాగితం మీద, ఫిల్ము మీద పడ్డాయి.

1946 సెప్టెంబరు 27న ఇంగ్లండులో జెఫ్రీ డి హావిలాండ్ నడుపుతున్న డీహెచ్-108 గాలిలోనే ముక్కలైంది. ధ్వనివేగం దగ్గర గాలి గోడై నిలుస్తుందన్న భయం ముదిరింది. ఏడాది తిరిగాక, 1947 అక్టోబరు 14న, కాలిఫోర్నియాలోని మురాక్‌లో బి-29 కడుపు కింది నుంచి జారిన ఎక్స్-1 రాకెట్ విమానం సుమారు 43,000 అడుగుల ఎత్తున మాక్ 1.06, అంటే ధ్వనివేగానికి 1.06 రెట్ల వేగం, అందుకుంది. నడిపిన చక్ యేగర్‌కు అంతకు రెండ్రోజుల ముందే గుర్రం మీంచి పడి పక్కటెముకలు విరిగాయి. ఆయన నివేదికలో ఆ నొప్పి ఊసే లేదు. మాక్‌మీటరు ముల్లు 0.98 దగ్గర కాస్త ఊగి అంకెలు దాటేసిందని మాత్రం ఉంది.

అంతకన్నా నన్ను కట్టిపడేసేవి విమానంలోని ఫిల్ము చుట్టలు. పీడనం, త్వరణం, వేగం వాటి మీద సన్నటి గీతలయ్యేవి. ఆ గీతలను కంటితో కొలిచి అంకెలుగా మార్చింది రొక్సానా యాన్సీ బృందంలోని మహిళలు. వాళ్లను అప్పట్లో ‘కంప్యూటర్లు’ అనేవారు. వాళ్ల ఓపికే లేకపోతే గీతలు గీతలుగానే ఉండిపోయేవి.

మన బెంగళూరుకు 1956లో జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ మారుత్ యుద్ధవిమానాన్ని రూపొందించడానికి వచ్చారు. ముందు చెక్కతో నిండు సైజు గ్లైడరు చేసి డకోటాతో లాగించి ఎగరేశారు. 1961 జూన్ 17న సురంజన్ దాస్ మారుత్‌ను గాల్లోకి లేపారు. మాక్ 2 కోసం గీసిన విమానం, తగిన ఇంజిను దొరక్క ధ్వనివేగం అంచునే ఆగింది. దాన్ని మెరుగుపరిచే పరీక్షల్లోనే 1970 జనవరి 10న దాస్ ప్రాణం పోయింది. ఎక్స్-1 నివేదికల్లాగే మారుత్ పరీక్షల కాగితాలూ దేవరకొండ డిగ్రీ కాలేజీ పిల్లల చేతికి రావాలని నా గట్టి కోరిక.

2001 జనవరి 4న మన మరో యుద్ధవిమానం తేజస్ తొలిసారి ఎగిరింది, 2003 ఆగస్టు 1న ధ్వనిని దాటింది. ఆ కార్యక్రమాన్ని నడిపిన కోటా హరినారాయణ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గానూ పనిచేశారు. అప్పటికి ఫిల్ము పోయి, కొలతలను రేడియోలో నేలకు పంపే టెలిమెట్రీ వచ్చింది.

మురాక్ ఇప్పుడు ఎడ్వర్డ్స్. అక్కడ ఎఫ్-35 పరీక్షల స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించిన రాజా చారి తాతగారిది మన మహబూబ్‌నగర్. ఉస్మానియాలో లెక్కలు చెప్పేవారు.