చుట్టిల్లు నేర్పిన పాఠము

గోదావరి తీరము మొదలు శ్రీకాకుళము వరకు మన తూర్పుతీరపు పల్లెలలో ఒకప్పుడు విరివిగా కనబడిన గృహము చుట్టిల్లు. గుండ్రని మందపు మట్టిగోడ, దానిపై శంకువు ఆకారమున కప్పు, ఇంచుమించు నేలను తాకు చూరు, ఇదియే దాని స్వరూపము. నేడు పలాస నుండి అక్కుపల్లి వైపు జీడితోటల నడుమ పోవువారికి కాంక్రీటు శ్లాబులే విస్తారముగా కనబడును. ఈ మార్పున మనకు కలిగిన లాభమేమి, నష్టమేమి?

ఒకే వైశాల్యముగల నేలను చుట్టుటకు వృత్తమునకు పట్టునంత తక్కువ గోడ మరి యే ఆకృతికిని పట్టదు. గోడ తగ్గినకొలది ఎండ సోకు చోటును తగ్గును. చదునైన ముఖము లేనందున తుపానుగాలి ఇంటిని ఒరసికొని ప్రక్కలకు తొలగిపోవును. మందపు మట్టిగోడ మధ్యాహ్నపు వేడిని తనలో నిలుపుకొని ఆలస్యముగా లోనికి విడుచును. తాటాకుల పొరల నడుమ చిక్కిన గాలి ఎండవేడిని కప్పు దాటనీయదు. కొన్ని ఇండ్లలో కప్పు క్రింద మట్టి మెత్తిన అటక యుండెడిది. అది వేడిని ఆపుటయే గాక, కప్పు అంటుకొన్నప్పుడు సామానులనును కాపాడెడిది. ఈ విద్యకు గ్రంథము లేదు. గోడ పెట్టువాడును, కప్పు నేయువాడును పని చేయుచునే తమ బిడ్డలకు నేర్పిరి.

అయినను చుట్టింటిని పొగడి ఊరకుండరాదు. లోన చీకటి, పొయ్యిపొగ, తరచు కప్పు నేయించు ఖర్చు, వేసవిలో అగ్నిభయము. పక్కా యిల్లు కోరుట ప్రజల తప్పు కాదు. కాని శ్లాబు పగలెల్ల కాగి, రాత్రి ఆ వేడిని లోపలివారిపై క్రుమ్మరించును. దానికి విరుగుడు ఫ్యాను. ఫ్యానుకు ఆధారము విద్యుత్తు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140-150 కిలోమీటర్ల గాలితో పలాస సమీపమున తీరము దాటినది. కొబ్బరి, జీడితోటలతోపాటు విద్యుత్ స్తంభములును కూలినవి. ఉద్దానపు పల్లెలు దినముల తరబడి చీకటిలో నుండెను. శ్లాబు గాలికి నిలిచినది. ఫ్యాను మాత్రము తిరుగలేదు.

యంత్రముపై కనీసముగా ఆధారపడు ఇంటిని గూర్చి శీతలదేశములందును విచారణ సాగినది. 1988లో స్వీడనుకు చెందిన బో ఆడమ్సన్, జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ ఈ భావనకు రూపమిచ్చిరి. 1991 నాటికి డార్మ్‌స్టాట్ నగరమున మొదటి 'పాసివ్ హౌస్' సిద్ధమైనది. ఇల్లు వెచ్చబెట్టుటకు చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్లు మించరాదనుట ఆ పద్ధతికి ప్రమాణము. అచ్చట వేడిని లోన నిలుపవలెను. మనకు వెలుపల నిలుపవలెను. సూత్రము ఒక్కటే: మొదట గోడయు, కప్పును పనిచేయవలెను, మిగిలినది యంత్రము చేయవలెను.

తిత్లీ వచ్చిన ఏటనే, డిసెంబరులో, మన దేశపు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 'ఎకో నివాస్ సంహిత'ను వెలువరించినది. గోడలు, కిటికీల ద్వారా చదరపు మీటరుకు సగటున 15 వాట్లకు మించి వేడి లోనికి రారాదని అది నియమించినది. ఉక్కపోత ప్రాంతములలో తెరచుకొను ద్వారములు, కిటికీలు నేల వైశాల్యమున ఆరవ వంతుకు తగ్గరాదనియు చెప్పినది. చుట్టింటి లోపమునకు ఇదియే మందు. కాని ఆ సంహిత 500 చదరపు మీటర్లును, అంతకు మించియును ఉన్న స్థలములలోని కట్టడములకై వ్రాయబడినది. పల్లెలోని రెండు గదుల ఇంటికి పాత విద్య దూరమైనది. కొత్త విద్య చేరలేదు.

ఈ రెంటిని కలుపుట దుష్కరము కాదు. శ్లాబుపై తెల్లని సున్నపుపూత, కిటికీలపై నీడ, సముద్రపుగాలి దారిలో ఎదురెదురు కిటికీలు, పడమటి గోడకు వసారా. ఇవి ఇంజనీరు మేస్త్రీకి, మేస్త్రీ ఇంటివారికి చెప్పదగిన మాటలు. కరెంటు లేని రాత్రి మనిషిని కాయవలసినది ఇల్లే.