సీసా మీద సుంకం: గోల్కొండ నుంచి జుక్కల్ దాకా

తెలంగాణలోని జుక్కల్‌కు ఒకపక్క మహారాష్ట్రలోని దెగ్లూర్, మరోపక్క కర్ణాటకలోని ఔరాద్. దెగ్లూర్‌లో లైసెన్సుతో అమ్మే దేశీదారు, ఇటువైపు మద్నూర్‌లోనో బిచ్కుందలోనో దొరికితే కేసవుతుంది. 1956 నవంబర్ 1కి ముందు ఈ ఊళ్లన్నీ హైదరాబాద్ రాష్ట్రంలోనివే, ఆబ్కారీ ఒక్కటే. సరిహద్దు గీశాక మూడు రాష్ట్రాలకు మూడు ఖజానాలు, మూడు రేట్లు వచ్చాయి. మందు మీద పన్ను ఖజానా నింపడం మాత్రం అంతకన్నా పాత కథ.

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ చూసిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే, కల్లు తిత్తులు మోస్తూ రోజూ ఐదారు వందల గుర్రాలు నగరంలోకి వచ్చేవని రాశాడు. ఆ కల్లు మీద పన్ను సుల్తానుకు పెద్ద రాబడి. 1802లో నిజాం, ఈస్టిండియా కంపెనీ చేసుకున్న వ్యాపార ఒప్పందం కంపెనీ ప్రాంతాల సరుకు మీద దిగుమతి సుంకాన్ని 5 శాతానికి కట్టేసింది. దాన్ని వసూలు చేసే శాఖ పేరు కరోడ్‌గిరీ. ఊళ్లో కల్లు, ఇప్పసారా రాబడి ఆబ్కారీది.

రాజ్యాంగం వచ్చాకా ఈ రెండు గల్లాలు రెండుగానే ఉన్నాయి. ఓడరేవులో సుంకం కేంద్రానిది, మందు మీద ఎక్సైజ్, వ్యాట్ రాష్ట్రానివి. జీఎస్టీ వచ్చినా తాగే మద్యాన్ని దాని బయటే ఉంచారు.

2001 ఏప్రిల్ 1న కేంద్రం దిగుమతులపై పరిమాణ ఆంక్షలు ఎత్తేసి, విదేశీ మద్యం మీద అదనపు సుంకం వేసింది. దీనిపై అమెరికా, యూరప్ ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి. 2007 జూలైలో కేంద్రం అదనపు సుంకం తీసేసింది కానీ, వైన్ మీద మూల సుంకాన్ని 100 నుంచి 150 శాతానికి పెంచింది. అదే ఏడు మహారాష్ట్ర విదేశీ మద్యంపై ప్రత్యేక రుసుం పెట్టింది. ఢిల్లీ వదులుకున్నది రాష్ట్రం అందుకుందన్నమాట.

150 శాతం అంటే రేవులో 500 రూపాయలకు దిగిన సీసా 1,250 అవుతుంది. ఆపైన రాష్ట్ర పన్ను, డీలరు లాభం కలుస్తాయి. ఆ ధర చూసిన వినియోగదారు తాగడం మానడు, నాసిక్ వైన్‌కు మారతాడు. స్థానిక వైన్‌కు ఎక్సైజ్ మినహాయింపు ఇస్తూ మహారాష్ట్ర 2001లో తెచ్చిన విధానానికి ఈ సుంకం కూడా తోడైంది.

2022 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందంలోనూ స్థానిక వైన్‌ను కాపాడే ఈ జాగ్రత్త ఉంది. సీసా దిగుమతి ధర 5 డాలర్లు దాటితేనే సుంకం మొదట 150 నుంచి 100కు తగ్గింది. 15 డాలర్లు దాటితే 75కు దిగింది. పదేళ్లలో ఇవి 50, 25 శాతాలకు చేరతాయి. చవక వైన్‌కు రాయితీ లేదు. అంటే లాభపడేది ఖరీదు సీసా కొనేవాడు, దాన్ని పంపే ఆస్ట్రేలియా వ్యాపారి.

రేవు దాటినా విదేశీ సరఫరాదారుకు ఇంకో గుమ్మం ఉంది. తెలంగాణలో మద్యం ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ ద్వారానే షాపులకు చేరాలి, ధర ప్రభుత్వం ఒప్పుకోవాలి. డచ్ కంపెనీ హైనెకెన్ చేతిలోని యునైటెడ్ బ్రూవరీస్, బకాయిలు రాలేదని, ధర పెంచలేదని 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ బీరు సరఫరా ఆపేసింది. కొద్ది రోజులకు సరఫరా మళ్లీ మొదలైంది. ఫిబ్రవరిలో ప్రభుత్వం 15 శాతం పెంపు ఇచ్చింది. ఆ భారం చివరికి గ్లాసు పట్టుకున్నవాడి మీదే పడింది.

జుక్కల్ వైన్స్ షాపులో అమ్ముడయ్యేది ఎక్కువగా విస్కీ, బీరే. అక్కడి ధరను విదేశీ ఒప్పందాల కన్నా హైదరాబాద్ నిర్ణయాలే ఎక్కువ శాసిస్తాయి. రాష్ట్రాల మధ్య పన్నుల తేడా బాగా పెరిగితే సరుకు సరిహద్దు దాటక మానదు. అందుకే ఢిల్లీ సుంకం తగ్గించిందన్న వార్త చదివినప్పుడు, రాష్ట్రం తన వాటాను ఏం చేసిందో కూడా చూడండి. ఆ రెండో అంకె లేకుండా సీసా ధర తేలదు.