బేతంచెర్ల నాపరాయి, ధ్రువ సముద్రగర్భం: భూవిజ్ఞాన పటరచనా చరిత్రలో ఒక పోలిక

సముద్రపు అడుగును పటంగా గీయడమంటే లోతులను కొలవడం మాత్రమే కాదు. అక్కడి శిల ఏదో, అది ఏ పరిస్థితులలో ఏర్పడిందో నిర్ధారించడం కూడా. ఈ రెండింటి మధ్య గల అంతరాన్ని 1872కు చెందిన రెండు ఉద్యమాలు స్పష్టం చేస్తాయి.

ఆ ఏడాది డిసెంబరులో ఇంగ్లండు నుండి బయలుదేరిన చాలెంజర్ నౌక 1874 ఫిబ్రవరిలో అంటార్కిటిక్ వలయాన్ని దాటింది. నావికులు బరువు కట్టిన తాడును జారవిడిచి లోతులను కొలిచారు. అయితే దక్షిణ ధ్రువాన ఖండం ఉన్నదన్న అభిప్రాయానికి బలం చేకూర్చినవి ఆ అంకెలు కావు. సముద్రపు అడుగు నుండి పైకి తీసిన గ్రానైటు, నైసు, ఇసుకరాతి ముక్కలు. మంచుకొండలు మోసుకొచ్చి, కరిగిన చోట విడిచిన ఆ రాళ్లు ఖండానికి చెందిన శిలలని జాన్ మర్రే వాదించాడు.

అదే 1872లో కడప, కర్నూలు శిలాసముదాయాలపై విలియం కింగ్ రచనను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ప్రచురించింది. కింగ్ ఎదుర్కొన్న సమస్య ఇందుకు విపర్యయం. ఇక్కడ శిల కాలికింద ఉంది; సముద్రమే లేదు. కర్నూలు శిలలను అతడు నాలుగు వర్గాలుగా విభజించి వాటికి బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు అని స్థానిక నామాలనే పెట్టాడు. బేతంచెర్ల నాపరాయి వీటిలో జమ్మలమడుగు వర్గపు నార్జి సున్నపురాయి. కేంబ్రియన్ యుగానికి పూర్వం లోతులేని సముద్రంలో పొరలుపొరలుగా పేరుకున్న నిక్షేపం. ఊరి సమీపంలోని బిల్లసర్గం గుహలు ఏర్పడినదీ ఈ రాతిలోనే.

నేడు మల్టీబీమ్ సోనార్ ధ్రువ సముద్రాల అడుగు ఆకృతిని ధ్వని తరంగాలతో చిత్రిస్తోంది. అయినా రాతి స్వభావం తేలాలంటే నమూనాను పైకి తీయవలసిందే. మంచు కమ్మిన జలాలలో అది దుష్కరం, వ్యయసాధ్యం. బేతంచెర్లలో ఆ నమూనా గనిగోడల రూపంలో బయటపడి ఉంది. పాలిష్ పట్టిన బండ ఇంటి నేలగా మారాక, అది ఏ పొర కింద, ఏ పొర మీద ఉండేదో చెప్పే సాక్ష్యం మిగలదు. కనుక గనులు పూడిపోకముందే వాటి పొరల క్రమాన్ని, దానితోపాటు రాయి తీసే కార్మికులు పొరలను గుర్తుపట్టే తీరును నమోదు చేయడం ప్రాంతీయ చరిత్ర పరిశోధకుల తక్షణ కర్తవ్యం.