లోహ నానోకణాలపై క్రియాశీల స్థానాలు

అల్యూమినా, సిలికా, టైటానియా వంటి ఆక్సైడ్ల ఆధారంమీద నిలిపిన లోహ నానోకణాల ఉపరితలంపై రసాయన చర్య నిజంగా జరిగే చోట్లను క్రియాశీల స్థానాలు అంటారు. కణం పైపొరలో ఉన్న పరమాణువులన్నీ ఒకే తీరుగా పనిచేయవు. చదునైన ముఖంమీద, అంచున, మూలన ఉన్న పరమాణువులకు పొరుగు పరమాణువుల సంఖ్య వేరువేరుగా ఉంటుంది. వచ్చి తాకిన అణువును అవి పట్టుకునే బలం కూడా దాన్నిబట్టే మారుతుంది. 1925లో ఊహగా మొదలైన ఈ భావనను కళ్లకు కట్టే సాక్ష్యం 1996లో గానీ దొరకలేదు.

నేపథ్యం

గుల్లబారిన ప్లాటినంమీదికి హైడ్రోజన్‌ను వదిలితే గాలిలో దానంతటదే అంటుకుంటుందని 1823లో జర్మన్ రసాయనవేత్త డోబెరైనర్ గమనించారు. తాను ఖర్చుకాకుండా చర్యను నడిపించే ఈ గుణానికి 1835లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ ‘కెటాలిసిస్’ అని పేరుపెట్టారు. తెలుగులో ఇది ఉత్ప్రేరణ. 1918లో అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అధిశోషణ (అణువులు ఉపరితలానికి అంటుకోవడం) సమీకరణాన్ని ప్రకటించారు. దాని సరళ రూపంలో ఉపరితలం చదరంగం బల్లలాంటిది, గళ్లన్నీ సమానమే.

టేలర్ ప్రతిపాదన

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హ్యూ టేలర్ 1925లో ఈ సమానత్వాన్ని ప్రశ్నించారు. ఉపరితలమంతా కప్పడానికి ఏమాత్రం చాలని కొద్దిపాటి విషపదార్థం తగిలినా ఉత్ప్రేరకం చచ్చుబడిపోతుంది. అలాంటప్పుడు పనిచేస్తున్నది ఉపరితలంలో కొద్ది భాగమే అయి ఉండాలన్నది ఆయన తర్కం. పొరుగు బంధాలు తీరని పరమాణువులే ఆ ‘క్రియాశీల కేంద్రాలు’ అని ఆయన భావించారు. ఉపరితలంలో ఎంత భాగం పనికొస్తుందో నిర్ణయించేది అక్కడ జరిగే చర్యేనని కూడా చెప్పారు.

కణం పరిమాణం, స్థానాల లెక్క

12 మూలలు, 14 ముఖాలు ఉన్న లోహ కణాన్ని తీసుకుందాం. మొత్తం 55 పరమాణువులుంటే 42 బయటే ఉంటాయి. వాటిలో 12 మూలల్లోవి, 24 అంచుల్లోవి, ముఖాలమీద మిగిలేవి 6 మాత్రమే. అదే ఆకారం 561 పరమాణువులకు పెరిగితే పైపొరలో 252 ఉంటాయి. మూలలు మాత్రం ఆ 12 దగ్గరే ఆగిపోతాయి. అంటే పైపొరలో వాటి వాటా 29 శాతం నుంచి 5 శాతానికి లోపు పడిపోయింది. కణం లోపలి పరమాణువుకు 12 మంది పొరుగువాళ్లుంటే, ముఖంమీద 8 లేదా 9, అంచున 7, మూలన 5.

ఇలాంటి లెక్కలను 1969లో వాన్ హార్డెవెల్డ్, హార్టోగ్ విస్తృతంగా ప్రచురించారు. దాదాపు అదే కాలంలో మిషెల్ బూదార్ చర్యలను రెండుగా విడదీశారు. ప్లాటినంమీద సైక్లోప్రొపేన్‌కు హైడ్రోజన్ చేర్చడం లాంటివి కణం పరిమాణాన్ని అంతగా పట్టించుకోవు. అమ్మోనియా తయారీ లాంటివి స్థానాన్ని వెతుక్కుంటాయి.

అమ్మోనియా చెప్పిన సాక్ష్యం

1982లో బర్క్‌లీలో సోమొర్జాయ్ బృందం ఇనుప స్ఫటికాన్ని మూడు దిశల్లో కోసి, ఆ తలాలమీద అమ్మోనియా తయారీ వేగాన్ని కొలిచింది. 111, 100, 110 అనే అంకెలతో గుర్తించే ఆ తలాల వేగాలు 418:25:1 నిష్పత్తిలో వచ్చాయి. లోహం ఒక్కటే, పరమాణువుల అమరిక మాత్రమే వేరు.

1996లో గెర్హార్డ్ ఎర్ట్‌ల్ బృందం స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శినితో రుథీనియం ఉపరితలాన్ని పరిశీలించింది. నైట్రిక్ ఆక్సైడ్ అణువులు చదును నేలమీద కాక, పరమాణువుల మెట్ల అంచున విడిపోతున్నట్టు అందులో కనబడింది. ఉపరితల రసాయనంలో చేసిన కృషికి ఎర్ట్‌ల్‌కు 2007లో నోబెల్ బహుమతి వచ్చింది. 1999లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు రుథీనియం మెట్లను కాస్త బంగారంతో మూసేశారు. అమ్మోనియా తయారీకి కావలసిన నైట్రోజన్ చీలిక దాదాపు ఆగిపోయింది. 500 కెల్విన్ దగ్గర చదును భాగంకన్నా మెట్టు దగ్గర ఈ చర్య కనీసం వంద కోట్ల రెట్లు వేగంగా సాగుతుందని వాళ్లు తేల్చారు.

ఆధారం పాత్ర

ఆధారం కణాన్ని మోసి ఊరుకోదు. టైటానియామీది ప్లాటినం జాతి లోహాలను 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర హైడ్రోజన్‌తో క్షయకరిస్తే, అవి వాయువులను పట్టుకునే శక్తిని కోల్పోతాయని 1978లో టాస్టర్ బృందం గుర్తించింది. టైటానియా పలుచగా పాకి లోహాన్ని కప్పేయడమే కారణమని తరవాత తెలిసింది.

జడమని పేరుపడ్డ బంగారం కూడా ఆక్సైడ్‌మీద 5 నానోమీటర్లకు లోపు కణాలుగా ఉంటే, మైనస్ 70 డిగ్రీల దగ్గరే కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరిస్తుందని 1987లో జపాన్‌కు చెందిన హరుతా బృందం వెల్లడించింది. లోహం, ఆక్సైడ్ కలిసే సరిహద్దు పరమాణువులమీద అప్పటినుంచి దృష్టి పెరిగింది. సీరియా అనే ఆక్సైడ్‌మీద నికెల్, పల్లాడియం, ప్లాటినం కణాలతో 2013లో జరిగిన ప్రయోగాల్లో చర్య వేగం ఆ సరిహద్దు పరమాణువుల సంఖ్యతో పాటే పెరిగింది.

చిన్నదనానికి హద్దు

ఐరన్ ఆక్సైడ్‌మీద విడివిడిగా నిలిపిన ప్లాటినం పరమాణువులు కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరించగలవని 2011లో చైనాలో ఝాంగ్ టావో బృందం చూపింది. ఖరీదైన లోహంలో ఒక్క పరమాణువూ వృథా కాని పద్ధతి ఇది. కానీ అన్ని చర్యలకూ ఇది కుదరదు. రుథీనియంమీద నైట్రోజన్ చీలడానికి మెట్టు దగ్గర అయిదు పరమాణువులు కలిసి ఏర్పరిచే ‘బి5’ అనే గుంట కావాలి. కణం సుమారు 2 నానోమీటర్లకన్నా బాగా చిన్నదైతే ఆ గుంటకు చోటుండదు. మరీ పెద్దదైతే అలాంటి గుంటల వాటా తగ్గిపోతుంది. పనికొచ్చే చోటేదో చర్యే నిర్ణయిస్తుందన్న టేలర్ మాట నానోకణం కొలతకూ వర్తిస్తుంది.