మెడికల్ కోడింగ్: భైంసా నుంచి అమీర్‌పేట మీదుగా తొలి కొలువు

అమెరికా డాక్టరు రాసిన నోట్సు చదివి, రోగానికి ఒక సంకేతం, చేసిన చికిత్సకు మరో సంకేతం వేయడమే మెడికల్ కోడింగ్. ఆ రెండూ పొసగకపోతే ఇన్సూరెన్స్ కంపెనీ బిల్లును తిప్పి పంపుతుంది. రోగాల పట్టికకు మూలం 1893లో జాక్ బెర్టిలాన్ తయారుచేసిన మరణ కారణాల జాబితా. చికిత్సల పట్టికను అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో తెచ్చింది. చావుల లెక్కకు పుట్టిన పద్ధతి చివరికి బిల్లుల లెక్కలో స్థిరపడింది.

హైదరాబాద్‌కు ఈ పని కంటే ముందు 1990ల చివర్లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ వచ్చింది. డాక్టర్ల మాటలు విని టైపు చేయడమే ఆ ఉద్యోగం. కంప్యూటరే మాటలను అక్షరాలుగా మార్చడం నేర్చాక అది చిక్కిపోయింది. కోడింగ్, బిల్లింగ్ మాత్రం పెరిగాయి. అపోలో హెల్త్ స్ట్రీట్ లాంటి కంపెనీలు హైదరాబాద్ నుంచే అమెరికా ఆసుపత్రుల బిల్లుల పని చేశాయి. తొలినాళ్లలో లైఫ్ సైన్సెస్ డిగ్రీ ఉంటే చాలు, శిక్షణ కంపెనీయే ఇచ్చుకునేది.

2015 అక్టోబర్ 1న అమెరికా రోగాల పట్టికలో కొత్త కూర్పు అయిన ఐసీడీ-10కి మారింది. సుమారు 14 వేలున్న రోగ సంకేతాలు ఒక్కసారిగా 68 వేల దాకా పెరిగాయి. కోడి పొడిచిన గాయానికీ అందులో ఒక సంకేతం ఉంది: డబ్ల్యూ61.33. పని బరువెక్కింది, మనుషుల అవసరమూ పెరిగింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ జావా కోచింగ్ బోర్డుల పక్కన మెడికల్ కోడింగ్ బోర్డులు వెలిశాయి.

భైంసా పత్తి మార్కెట్ ఊరు, మహారాష్ట్ర సరిహద్దు పట్టణం. అక్కడ బీఎస్సీ బీజెడ్‌సీ (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు), బీఫార్మసీ చదివినవాళ్లకు ఊళ్లో దొరికేది మెడికల్ షాపు, ల్యాబు, ప్రైవేటు బడి. కాలేజీ ఫీజును ప్రభుత్వం కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇలాంటి పట్టభద్రుల సంఖ్య పెరిగింది, కొలువులు పెరగలేదు. నిర్మల్ మీదుగా హైదరాబాద్ బస్సెక్కి జేబీఎస్ బస్టాండులో దిగి, హాస్టల్ చూసుకుని అమీర్‌పేటలో కోడింగ్ కోర్సులో చేరడం అలా మొదలైంది.

చేరాక ఎదురయ్యేది కోడర్లకు సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్ష. దీన్ని నిర్వహించే ఏఏపీసీ 1988లో పుట్టిన అమెరికా సంస్థ. ఇప్పుడు 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. పుస్తకాలు దగ్గర పెట్టుకోవచ్చు, అయినా ఏది ఎక్కడుందో ముందే తెలియకపోతే సమయం చాలదు. ఫీజు డాలర్లలో కట్టాలి, ఇంటి నుంచి డబ్బు తెచ్చుకునేవాళ్లకు అది చిన్న మొత్తం కాదు.

పాసైనా చిక్కు తీరదు. అనుభవం లేనివారి సర్టిఫికెట్‌పై సీపీసీ పక్కన ‘ఏ’ అనే అక్షరం చేరుతుంది, అంటే అప్రెంటిస్. అది పోవాలంటే రెండేళ్ల పని చూపాలి, లేదా ఏడాది పనికి తోడు 80 గంటల శిక్షణ చూపాలి. కంపెనీలేమో అనుభవం ఉన్నవాళ్లనే అడుగుతాయి. ఈ సందులోనే డబ్బు తీసుకుని బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలు దూరాయి. నకిలీ అనుభవ పత్రం చేయించుకున్నవారు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతే ఉన్న ఉద్యోగమూ పోతుంది.

అనుభవం లేనివారికి నిజంగా తలుపు తెరిచింది హెచ్‌సీసీ అనే రకం కోడింగ్ పని. మెడికేర్ అడ్వాంటేజ్ అనే అమెరికా ఆరోగ్య బీమా పథకాల వాళ్లకు రోగుల పాత చార్టులన్నీ తిరగేసి రోగాల చిట్టా తీయడమే ఇది. చార్టులు గుట్టలుగా వచ్చే కాలంలో ఫ్రెషర్లను కాంట్రాక్టు మీదైనా తీసుకుంటారు. జీతం తక్కువే. అయినా ఆ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇచ్చే అనుభవ పత్రంతోనే ‘ఏ’ తొలగించమని దరఖాస్తు చేసుకోవచ్చు.